ఒక్క క్లిక్‌లో పొగమంచు

జూన్ 4

ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఇవాళ్టి నుంచి లినక్స్. మేనేజర్ దీన్ని పొదుపు అనలేదు, స్వేచ్ఛ అన్నాడు. సిస్టమ్స్ చూసేది నేనే కాబట్టి ఆ స్వేచ్ఛంతా నా నెత్తిన పడింది.

మేం మందుల డబ్బాల్లో మడిచి పెట్టే కాగితాలు తయారుచేస్తాం. కొన్నవాళ్ళెవరూ చదవని ఆ చిన్న అక్షరాలను అచ్చుకు వెళ్ళేముందు ఒక్క మనిషి మాత్రం తెర మీద తప్పకుండా చదవాలి. ఆ మనిషి మా వదిన. మా ఆయన అక్క, మా ఇంట్లోనే ఉంటుంది. పాయింట్ తప్పితే ప్రాణం తప్పుతుందని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. ఆమె సంతకం పెట్టిన కాగితంలో ఇంతవరకూ తప్పు దొరకలేదు.

ఆమె చూపు మెల్లగా తగ్గుతోంది. ఆఫీసులో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఇంకొకరికి తెలిసిన రోజున ఆ కుర్చీ ఉండదు.

కొత్త తెర మీద అక్షరాలు సన్నగా ఉన్నాయి. చీమలు పాకుతున్నట్టుందా అని వదినని అడిగాను. పాకి వెళ్ళిపోయినట్టుంది అంది.

జూన్ 6

తెర రంగులూ అక్షరాల తీరూ కలిసి ఉండే థీమ్ మారిస్తే సరిపోతుంది. కానీ మార్చుకోవడం ఎలాగో అందరికీ రాసిచ్చేసరికి రెండు పేజీలైంది. డౌన్‌లోడ్ చేసి, జిప్ విప్పి, పేరు ముందు చుక్క ఉన్న ఫోల్డర్‌లో పెట్టాలి. ఆ ఫోల్డర్ మామూలుగా కనపడదు. తర్వాత ఇంకో టూల్ వేసుకోవాలి. ఆపైన లాగౌట్.

వదిన మొదటి పేజీ సగం విని ఆపేయమంది. తలుపు తీయమ్మా అంటే కమ్మరం నేర్పుతున్నావు అంది.

నెట్‌లో లినక్స్ వాడేవాళ్ళ ఫోరంలో అడిగాను, కొత్తవాళ్ళకి ఇది తేలికగా ఉండే దారి లేదా అని. ఆ మాత్రం చేతకానివాళ్ళు లినక్స్ జోలికి రావడమెందుకని ఒకాయన. దానికి ఇరవై లైకులు.

జూన్ 12

నేనే ఒక చిన్న టూల్ రాశాను. థీమ్ ఫైల్‌ని తెచ్చి తెర మీద తెరుచుకునే కిటికీలో పడేయాలి, వేసెయ్ అన్న బటన్ నొక్కాలి, అంతే. నేను ప్రతి సీటుకీ తిరగకుండా, ఒక సీటు నుంచి ఇంకో సీటుకి పంపే వీలు కూడా పెట్టాను. అవతలి తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: ఈ థీమ్ వేయమంటారా?

ఆ ప్రశ్న దగ్గరే అందరూ ఆగిపోయారు. అవునంటే ఏమవుతుంది మేడమ్, కాదంటే ఏమవుతుంది మేడమ్ అని ఒకటే ఫోన్లు. ఇంటికొస్తూ దారంతా వదిన దెప్పింది. విస్తరిలో వడ్డించేశాక తింటారా అని అడుగుతారుటమ్మా అంది. అడిగితే అనుమానమొస్తుంది, అడక్కపోతే తింటారు అంది.

జూన్ 13

ప్రశ్న తీసేశాను. ప్రశ్నకి భయపడేవాళ్ళకి ప్రశ్నే లేకుండా చేయడం దయే కదా. కాదా?

జూన్ 14

ఆఫీసంతా పండగలా ఉంది. రిసెప్షనిస్టు తెర గులాబీ రంగులోకి మారింది. లెక్కలాయన సముద్రం పెట్టుకున్నాడు. నాకు చప్పట్లు కొట్టారు. ఎందుకో చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వదినకి నల్లటి తెర మీద పెద్ద పసుపుపచ్చ అక్షరాలు వేశాను. హాయిగా ఉందంది. మధ్యాహ్నానికి తీసేయమంది. మేనేజర్ అటు వెళుతూ, మీ తెర రోడ్డు మీంచి కూడా చదవొచ్చండీ అన్నాడట. చూడగానే రోగం తెలిసే బట్టలు తొడగకు నాకు అంది. అందరి తెరల్లాగే తెలుపు మీద నలుపు, అక్షరం కాస్త లావుగా ఉండేలా చేసిచ్చాను. పైకి ఏమీ తెలియదు.

లేఅవుట్ చేసేవాణ్ణి చిలక అంటారు, ఎవరి గొంతయినా దించేస్తాడు. సొంతంగా థీములు తయారుచేయడం మొదలుపెట్టాడు. వదిన గొంతుతో పాయింట్ తప్పితే ప్రాణం తప్పుతుందంటూ అందరికీ పంచాడు. నేనూ నవ్వాను. పోయిన నెల వదిన అతని పేజీని అందరి ముందూ విసిరికొట్టింది. ఇది అచ్చుకా, చిత్తుబుట్టకా అని అడిగింది.

జూన్ 20

వదిన ఇంట్లో పేపర్ మడత విప్పడం లేదు.

జూన్ 25

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. కళ్ళు ఆరునెలల కిందట ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, కొత్తగా తగ్గిందేమీ లేదన్నారావిడ. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇల్లు చేరాక వదిన మాత్రం, జాలిపడే డాక్టర్ల దగ్గరికి నన్ను తీసుకెళ్ళకు అంది.

పేపర్ తెచ్చి చేతికిచ్చాను. ఇక్కడ చదివి చూడండి, తేలిపోతుంది అన్నాను. పక్కకి నెట్టేసింది. ఉన్నదీ పోయిందని రోజూ తేల్చుకోవాలా అని అడిగింది. ఆఫీసులో ఎలా ఉందంటే, బాగానే ఉందంది. నేను తరచి అడగలేదు. అడిగితే అనుమానమొస్తుందని ఆమె అన్నమాటే పట్టుకుని కూర్చున్నానేమో.

జూలై 1

పిల్లల జ్వరం మందు కాగితంలో మోతాదు అంకెకున్న పాయింట్ ఎగిరిపోయింది. అర చెంచా అయిదు చెంచాలైంది. మందుల కంపెనీవాళ్ళు అచ్చుకి ముందు పట్టుకున్నారు. కింద వదిన సంతకం.

మేనేజర్ గదిలోకి నన్నూ పిలిచాడు. వదిన కూర్చోలేదు. నా చూపు పోయిందండీ అంది. అప్పటిదాకా బాగానే ఉంది, ఆ కాగితం చూసిన నాడే హఠాత్తుగా మబ్బు కమ్మింది, ఇక రాను అంది. మేనేజర్ ముఖంలో జాలి, తేలిక రెండూ కనపడ్డాయి. తేలికే ముందొచ్చింది. పదో తారీకున వీడ్కోలు పెడదామన్నాడు.

జూలై 2, మధ్యాహ్నం

వదిన సీటు ఖాళీ చేద్దామని కూర్చున్నాను. తెర మీద ఏమీ లేదు. మళ్ళీ చూశాను. ఉంది, పేజీ నిండా ఉంది. తెలుపు మీద తెలుపుకి ఒక్క వాసి తక్కువ రంగులో. నా కళ్ళకే ఏమైనా అయిందా అనుకున్నాను. పక్క తెర చూస్తే బాగానే ఉంది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

చిలక ఏమీ దాచలేదు. సరదాకి మేడమ్ అన్నాడు. నేను వదినకి చేసిచ్చిన థీమ్‌నే తీసుకుని అక్షరాల రంగు రోజుకి కాస్త తగ్గించి ఆమె తెరకి పంపాడట. దానికి పొగమంచు అని పేరు కూడా పెట్టాడట. ఆవిడ ఎప్పుడు అడుగుతుందా అని టీ పందెం. అడిగిన నిమిషంలో తీసేసేవాళ్ళం మేడమ్, అడగదే, పైగా తలాడిస్తూ చదువుతుంది, మేమేం చేస్తాం అన్నాడు. కళ్ళ సంగతి మాకేం తెలుసన్నాడు. ఆ తర్వాత, మీ బటన్ మాత్రం భలే ఈజీ మేడమ్, అవతల అడగను కూడా అడగదు అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు. అదే భరించలేకపోయాను.

లెక్కలాయన సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. గదిలో అందరికీ తెలుసు. ఇంటి మనిషినని నాకు చెప్పలేదు.

జూలై 3

చెప్పేశాను. వదిన మంచం మీద కూర్చుని విన్నది. అయితే పోలేదా అంది. పేపర్ తెమ్మంది. ముఖం దాకా తెచ్చుకుని మెల్లగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ ఒక వార్త చదివింది. కామాలతో సహా.

మేనేజర్ దగ్గరికి రేపే వెళతాను, తెర చూపిస్తాను, వాడి ఉద్యోగం ఊడబెరికిస్తాను, తప్పు నాదని కూడా చెబుతాను అన్నాను. చెప్పేకొద్దీ నాకు ఉత్సాహం వచ్చింది. వదిన పేపర్ మడతపెట్టింది.

చూపించు, చూపించి ఏమంటావు అని అడిగింది. రెండు వారాలుగా తెర మీద ఏమీ కనపడలేదంటావు. మరి ఆ రెండు వారాలూ కాగితాల మీద సంతకాలెలా పెట్టిందని అడుగుతాడు. ఏం చెబుతావో చెప్పు, వింటాను అంది.

ఆ కాగితాలు ఎవరి చేతుల్లోకి వెళతాయో అప్పటిదాకా నేనూ ఆలోచించలేదు.

కళ్ళు పోయినదాన్ని శాలువా కప్పి పంపుతారు, చదవకుండా సంతకం పెట్టినదాన్ని ఎలా పంపుతారో నాకు తెలుసు, ఒకణ్ణి నేనే పంపించాను అంది. గుడ్డిదాన్నే అవుతానులే అమ్మాయ్. మీ ఆయనకి కూడా చెప్పకు.

ఒక్క పనికి మాత్రం నేను పట్టుబట్టాను. ఆ రెండు వారాల కాగితాలన్నీ ఇంకొకరు మళ్ళీ చదవాలని. ఏదో ఒక వంక చెప్పి చదివించు అంది.

జూలై 8

చదివించాను. ఇంకే తప్పూ దొరకలేదు. వదినకి చెబితే, అదృష్టం చదివిందన్నమాట అంది.

చిలక నోరు విప్పడు, విప్పితే వాడి మెడకే చుట్టుకుంటుంది. గది విప్పదు. నేనూ విప్పను. అందరం కలిసి ఒకే కాగితం మీద చదవకుండా సంతకం పెట్టినట్టయింది.

జూలై 10

వీడ్కోలు. శాలువా కప్పారు. అందరి తరఫునా చిలక ఒక పెద్ద భూతద్దం ఇచ్చాడు, వెల్వెట్ పెట్టెలో. ఏడ్చాడు కూడా. ఎవరి ఏడుపు దించాడో తెలియలేదు.

మెట్లు దింపడానికి వదిన మోచెయ్యి పట్టుకున్నది కూడా వాడే. ఆ మెట్లు ఆమె కళ్ళు మూసుకుని దిగగలదు. ఆఖరి మెట్టు దగ్గర కావాలనే తడబడింది. వాడు గట్టిగా పట్టుకున్నాడు. ఆమె వాడి చేతి మీద మెత్తగా తట్టి, నాయనా, నా తెర మీద ఎంత పొగమంచు వేయాలో నీకంత బాగా ఎలా తెలిసింది అని అడిగింది. జవాబు కోసం ఆగలేదు. ఆటో ఎక్కేదాకా చేత్తో గాలిని తడుముతూనే ఉంది.

వాడు గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఇవాళ ఎవరి గొంతూ రాలేదు వాడికి.

జూలై 16

వీడ్కోలైన మర్నాడే ఆ ప్రశ్నని మళ్ళీ పెట్టి, టూల్‌ని ఫోరంలో అందరికీ వదిలాను. ఈ థీమ్ వేయమంటారా? వారం తిరక్కుండా గొడవ. అంతా తేలికే కానీ ఆ ప్రశ్న ఒక్కటీ తీసేయండి, కొత్తవాళ్ళు బెదురుతున్నారు అని. మా అమ్మ ఎవరి సాయం లేకుండా తన తెరకి తానే రంగు మార్చుకుందని ఒకమ్మాయి రాసింది. అది చదివి సంతోషించాలో లేదో తేల్చుకోలేకపోయాను. ప్రశ్న తీయలేదు. ఇప్పటికైతే.

మా ఆయన ఇంట్లో కుర్చీలన్నీ గోడవారకి జరిపాడు. అక్కకి తగలకుండా.

జూలై 24

మా ఆయన ఊళ్ళో లేడు. సెలవు పెట్టి ఇంటికి త్వరగా వచ్చాను. వదిన వంటింటి కిటికీ దగ్గర మందు డబ్బాలోంచి తీసిన కాగితం చదువుతోంది, పెదవులు కదుపుతూ. చేతిలో పెన్సిల్.

నన్ను చూసింది. కాగితాన్ని మెల్లగా తలకిందులుగా తిప్పి పట్టుకుని, ఎవరమ్మా అది అని అడిగింది.