నలభై దాటితే టకటక

ఏప్రిల్ 18, సోమవారం, ఉదయం 7
లెన్నీ, ముందు ఒక తప్పు దిద్దాలి. నిన్న లింకన్ పట్నం నుంచి ఫోను చేసి, "నీ పికప్ మూలుగుతోందమ్మా" అన్నావు. మూలిగేది మీ మామగారు. నా బండి టకటక కొడుతోంది. అదీ నలభై మైళ్ళ వేగం దాటాకే.

ఆదివారంలోగా కారణం తేలకపోతే తుక్కు కొట్టుకి లాగించేస్తానన్నావు. ఆపైన నేను చర్చికి వెళ్ళాలన్నా, పేకాటకి వెళ్ళాలన్నా ఎవరి కారు ఖాళీగా ఉందో వాకబు చేసుకోవాలి. చచ్చినా చెయ్యను. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఒక చప్పుడు పట్టుకోలేనా?

నియమం: ఎవర్నీ అడగను!

మంగళవారం, మధ్యాహ్నం 3
బండి కిందికి దూరాను. వెనక చక్రాల్ని తిప్పే షాఫ్టు జాయింటు పట్టుకుని ఊపాను. బిగువుగానే ఉంది. దూరడానికి ఐదు నిమిషాలు, బయటికి రావడానికి గంట. లెక్క కోసం రాస్తున్నాను, జాలి కోసం కాదు.

బుధవారం
ఎవర్నీ అడగలేదు. ధాన్యం గిడ్డంగి దగ్గర కాఫీ తాగుతూ, గాల్లోకి, "నలభై దాటితే టకటక ఎందుకొస్తుందో" అన్నానంతే.

పక్క పొలం ఎమిల్ కప్పు కింద పెట్టేశాడు. "జాయింటే, వదినా! నేను వెనక ఎక్కి వింటా." చీపురుకర్ర ఒక కొస బండి అడుక్కీ, రెండో కొస చెవికీ ఆనించుకుని కూర్చున్నాడు, నేను నడిపాను. చప్పుడు పెరిగింది.

"నేను చెప్పలా!" అని అరిచాడు.

"ఏం చెప్పావు?"

"ఉందని!"

గురువారం
చర్చిలో ఆర్గన్ వాయించే లుద్మిలా దిగబడింది. "ఏమే వ్లాస్తా, సంగీతం తెలిసినదాన్ని నన్నొదిలి ఆ ఎమిల్‌ని పిలుస్తావా?" వంటింటి కుర్చీ వేయించుకుని తనూ వెనక ఎక్కింది. మంగలి ఓటో కూడా. చప్పుడు ముప్ఫైకే మొదలు.

శుక్రవారం
వెనక ఆరుగురు. ఆరు అభిప్రాయాలు. ఆల్‌బుకారా పళ్ళు పెట్టి కాల్చిన కోలాచీ బన్నులు రెండు డజన్లు హాం ఫట్. చప్పుడు ఇరవైకే! నియమం సంగతి ఎత్తకు.

సాయంత్రం 5. అందర్నీ ఇళ్ళ దగ్గర దించుతూ వచ్చాను. ఒక్కొక్కరు దిగినకొద్దీ చప్పుడు తగ్గింది. లుద్మిలా దిగాక బాగా తగ్గింది (దానితో అనకు).

బరువు! వెనక భాగం కుంగి షాఫ్టు వంకరగా తిరుగుతోంది. మరి ఖాళీగా ఉన్నప్పుడు? ఖాళీ ఎక్కడ? మంచులో జారకుండా నవంబరులో వేసిన ఇసుక బస్తాలు ఆరూ అక్కడే ఉన్నాయి.

దించెయ్యొచ్చుగా అంటావు. ఈ ఊళ్ళో పుట్టనట్టు మాట్లాడకు. మొదట బస్తాలు దించినవాడి వల్లే మళ్ళీ మంచు పడుతుందని కదా ఇక్కడి లెక్క! స్టాన్లీ హ్రుస్కా మార్చిలో దించాడు, మర్నాడే తుఫాను, పద్నాలుగు దూడలు పోయాయి. పదకొండేళ్ళయింది. చర్చిలో ఇప్పటికీ అతని బల్ల మీద అతనొక్కడే. అందుకే ఊరంతా ఇసుక మోసుకు తిరుగుతోంది, ముందు ఇంకెవరైనా దించుతారేమోనని.

శనివారం, ఉదయం 5:30
కాలితో తన్ని దించాను. ఆరూ. కోళ్ళ గూడు వెనక దాచాను. ఎవరూ చూడలేదు, కోళ్ళు తప్ప.

6:15. యాభై ఐదు మైళ్ళ వేగం! టకటక లేదు!

6:20. సన్నగా ఒక కూత. ఇన్నాళ్ళూ టకటక చాటున దాక్కున్నట్టుంది.

సాయంత్రం 4. మంచు. నాలుగు అంగుళాలు. ఎమిల్ ఫోను: "వదినా, ఎవడో దించేశాడు. ఎవడై ఉంటాడంటావు?"

"సిగ్గులేని మనిషెవరో," అన్నాను.

ఆదివారం, ఉదయం 6
టకటక పట్టుకున్నాను కాబట్టి తుక్కు కొట్టు మాట చెల్లదు. కూత సంగతి వచ్చే ఆదివారంలోగా తేలుస్తాను. నియమం: ఎవర్నీ అడగను!

ఇక కింద ఉన్నది ఇప్పుడే నీకు ఫోనులో చదివి వినిపిస్తాను, మధ్యలో మాట్లాడకు. ఆరు ఖాళీ దాణా సంచులు తీసుకురా. ఎండుగడ్డి కుక్కి, మూతులు బిగించి కట్టు. లోపల గడ్డి పైకి కనిపించకూడదు, చూసినవాళ్ళు ఇసుకే అనుకోవాలి. వెనక దారిన రా. చర్చి పదింటికి. తొమ్మిదిన్నరకల్లా అవి నా బండిలో ఉండాలి. నా బండిలోకి ఎక్కించేటప్పుడు బరువు మోస్తున్నట్టు నడు.