మా అక్క రమ్మంటోంది

అక్కా,

నేను బాగానే ఉన్నాను, ఒక్కణ్ణే ఉన్నానని బెంగ పెట్టుకోకు. ఈ ఎండాకాలమంతా సెలవు దొరికితే చాలు, టైలరూ, బేకరీ ఆయనా, బస్సు డ్రైవరూ, నేనూ సముద్రం ఒడ్డున గాలాలు వేసుకుని కూర్చుంటున్నాం. నీళ్ళలోకి మాత్రం దిగడం లేదు, నీ మీద ఒట్టు.

గాలం విసిరే ముందు "మా అక్క రమ్మంటోంది" అంటేనే చేప వస్తుందని చిన్నప్పుడు నాకు నేర్పావు కదా, ఆ అలవాటు ఇంకా పోలేదు. మొదట్లో వీళ్ళు పడీ పడీ నవ్వారు. నాకు వరసగా చేపలు పడేసరికి ఇప్పుడు అందరిదీ అదే పాట. పాపం, డ్రైవరుకి అక్క లేదు. మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంటే చూడలేక, "మా అక్క పేరే చెప్పుకోరా" అన్నాను. నిన్న వాడికి మూరెడు చేప పడింది. నాకు వేలెడు పిల్ల కూడా పడలేదు.

అటక మీద నా పాత టోపీ ఉంటే పంపు, ఎండకి మాడిపోతున్నాను. బావ మోకాలు నొప్పి తగ్గిందా? చంటిదానికి పళ్ళొచ్చాయా? దానికి నా ముద్దులు, బావకి నమస్కారాలు.

కార్డులో చోటు అయిపోయింది. ఒక్కటి మాత్రం నిజం చెప్పు, నువ్వసలు ఎవరికి అక్కవి?

నీ తమ్ముడు