మూడో మడిలో నీళ్లు

అల్ ఐన్, యూఏఈ,
14 మార్చి 2006

ఫైజాకు, ల్యాబ్‌లో నువ్వు అక్కగా చూసుకున్న నీ ఆపా సలాం.

మన వేరుశనగ పరిశోధన వ్యాసంలోంచి గైడ్ సార్ నా పేరు తీసేశారని రాశావు. "ఆమె ఇప్పుడు స్కూల్ టీచర్ కదా, పేరుతో ఏం చేసుకుంటుంది?" అన్నారట. నేను పెళ్లయి ఇక్కడికి వస్తుంటే, ఆర్నెల్లు నా పీహెచ్‌డీ సీటు ఉంచుతానన్నదీ ఆయనే. నాలుగో నెలలోనే వేరొకరికి ఇచ్చేశారు.

ఇక్కడి ప్రిన్సిపాల్ నా కాగితాలు చూసి, "మొక్కల రీసెర్చ్ మాకెందుకు మేడమ్, బీఎడ్ ఉందా?" అంది. లేదన్నాను, ఆరో తరగతి ఇచ్చింది. నాలుగేళ్లు ఎండలో మొక్కలు కొలిచినదాన్ని, ఇప్పుడు బోర్డు మీద ఆకు బొమ్మ గీసి భాగాలు చెబుతున్నాను.

నా కోసం సార్‌తో గొడవపడకు. నీ థీసిస్ ఆయన చేతిలో ఉంది. అయితే ఒక సంగతి విను. నీటి ఎద్దడికి బాగా తట్టుకుందని వ్యాసంలో రాసిన రకం మూడో మడిలోది. ఆ మడి పక్కన పైపు కారేది. ఆ దిగుబడి విత్తనం గొప్పతనం కాదు, కారిన నీళ్లది. ఆ లెక్క కొట్టేయాలనుకుంటుండగానే వీసా వచ్చింది, హడావిడిగా బయల్దేరాను.

చెప్పకుండా ఊరుకుందామని రెండు రోజులు చూశాను. కానీ ఆ విత్తనాన్ని నమ్మి అనంతపురం రైతులు వేస్తారు.

ఇది నువ్వే గమనించినట్టు సార్‌కు చెప్పు. నేను చెప్పానంటే, పేరు తీసేసినందుకు కుళ్లుకుని రాసిందంటారు. పంట పోయేదాకా నమ్మరు.

నీ ఆపా