ప్రకాశం గిటారుకి పెట్టె

గూడూరు

నాయనా జీవరత్నం, ప్రభువు దయవల్ల అందరం కులాసా. కార్డు చూసి కంగారుపడకు.

మొన్న సాయంత్రం ఆరాధనలో నీ తమ్ముడు ప్రకాశం గిటారుకి మైకుసెట్టు బాకా తగిలించి కీర్తన వాయించాడు. అది విని ఊళ్లోవాళ్లు టూరింగు టాకీసు వచ్చిందనుకుని చాపలు చంకన పెట్టుకుని చర్చికొచ్చేశారు. "టిక్కెట్టెంతండీ?" అని పాస్టరుగారినే అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మద్రాసులో గిటారుకని వేరే స్పీకరు పెట్టెలుంటాయట. ప్రార్థనకి మెత్తగా, పెళ్లికి హుషారుగా, సమాధి దగ్గర ఏడుపొచ్చేలా పలికేది ఒకటి చూడు. షాకు కొడుతుందేమో అడుగు. కోడలికి దగ్గు తగ్గిందా? కొనేముందు గిటారు వచ్చినవాళ్లెవరినైనా తీసుకెళ్లి కొట్లోనే భూస్థాపన పాట వాయించమను. కొట్టువాడు బేరం మానేసి వింటేనే తీసుకో. రేపు నన్ను సాగనంపేదీ ఆ పెట్టెతోనే. అప్పుడు కూడా జనం చాపలతో రాకూడదు నాయనా.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

మీ అమ్మ