బువ్వ తిన్నవా అనే కంప్యూటర్

అవ్వా,
నీ అమూల్యమైన సమయాన్ని ఈ కార్డు ముక్కతో పాడు చేస్తున్నందుకు వరంగల్ మహానగరం తరఫున క్షమాపణలు. నేను బాగున్నాను. కోడింగ్ పాఠాలు, ఉచిత ఫాంట్లు, టైము వృథా కాకుండా కాపాడే యాప్‌లు నెట్‌లో బోలెడు దొరికాయి. వాటిని వెతకడంలోనే పుణ్యకాలం గడిచిపోయింది. రూమ్మేట్ సుదర్శన్ కూడా ఊరికి పోయాడు. నీ ఫోన్ మూగబోయి నెలైంది, వినోదక్కను జర రిపేరుకు ఇయ్యమను. బాపు మోకాలి నొప్పి తగ్గిందా?

నిజానికి నేను చేసిన పని ఒక్కటే. మధ్యాహ్నం కాగానే "బువ్వ తిన్నవా బిడ్డా" అని తెర మీద వచ్చేట్టు ప్రోగ్రామ్ రాశాను. మొదట ఒత్తులు విడిపోయి "బువ్‌వ తిన్‌నవా" అని నత్తిగా అడిగింది. ఫాంటు మార్చాక అచ్చం నీలాగే అడుగుతోంది. జవాబు మాత్రం వినదు. అందుకని నీకు రాస్తున్నాను: తిన్నా అవ్వా.

నీ చిన్నోడు