కరిగేది, కరగనిది

బెంగళూరు

అన్నా, నీ కాళ్లకు దండం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ ఆయనా నేనూ బాగున్నాం. అక్కడ నువ్వు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్లో చెబుదామంటే నీ మగ్గం చప్పుడులో సగం మాటలే నీకు చేరతాయి. అందుకే కాగితం తీశాను. నింపాదిగా చదువు, ఇందులో నీ గొప్ప కూడా ఉంది.

ఈ ఊళ్లో తెల్లవారితే చలి, సాయంత్రమైతే తుంపర. జొన్నరొట్టె తిని నెల దాటింది. మొదట్లో దిగులేసి ఏడ్చాను. ఇప్పుడు బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను, బెంగపడొద్దు.

పాత ప్లాస్టిక్‌ను కరిగించి గుళికలు చేసే షెడ్డులో నాది ఏరే పని. సూపర్‌వైజర్ రంగప్పది మన ఆదోనే. మొదటి రోజే చెప్పాడు: బకెట్లు, మగ్గులు థర్మోప్లాస్టిక్, ఎన్నిసార్లు వేడి చేసినా కరుగుతాయి. కుక్కర్ పిడులు, పాతకాలం నల్ల స్విచ్చులు థర్మోసెట్, ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగవు. తలూపాను గానీ, అన్నీ ముక్కలై వచ్చాక ఏది ఏదో ఎలా తెలుస్తుంది? చిలపలు చుట్టిన నూలును రంగుల వారీగా వేరుచేసిన చేతులు కదా, ఇక్కడా రంగు చూసి ఏరేశాను. నలుపంతా ఒక గోతంలో! కరగని ముక్కలు కూడా అందులో పడి మిషను రెండుసార్లు బిగుసుకుపోయింది.

"సూడు పద్మమ్మా, ఇంకోసారి మిషను నిలిస్తే నిన్ను నేను పెట్టుకోలేను. ఊరికి బస్సెక్కేదే" అన్నాడు రంగప్ప.

ఊరంతటికీ చెప్పి వచ్చిన దాన్ని, ఏ ముఖం పెట్టుకుని తిరిగి రాను? ఆ మధ్యాహ్నం నువ్వు గుర్తొచ్చావు. నూలు కొనేముందు పోగు లాగి అగ్గిపుల్ల అంటిస్తావు చూడు, బూడిదైతే నూలు, ఉండ కడితే పాలిస్టర్ అని. టీ పొయ్యి మీద మేకు కాల్చి, పట్టకారుతో పట్టుకుని ఒక నల్ల ముక్కకు ఆనించాను. మెత్తగా దిగింది, తీస్తే పాకంలా తీగ సాగింది. ఇంకో ముక్కలో దిగనే లేదు. ఫినాయిల్ లాంటి వాసన మాత్రం వచ్చింది.

"ఏం సేస్తాండావు?" అని రంగప్ప పరిగెత్తుకొచ్చాడు.

"సూడన్నా, ఇది సాగుతాంది. ఇది సచ్చినా సాగదు!" అన్నాను.

గోతమంతా అలాగే ఏరాను. సాయంత్రం దాకా మిషను ఒక్కసారి కూడా ఆగలేదు. రంగప్ప అందరినీ పిలిచి, "ఈయమ్మ కాడ నేర్సుకోండప్పా. నీకు ఎవరు నేర్పినారమ్మా?" అన్నాడు.

"మా అన్న. ఎమ్మిగనూరులో నేస్తాడు" అన్నాను. ఎంత గర్వమేసిందో చెప్పలేను.

ఎవరైనా ఇటు వస్తుంటే చెనిక్కాయల పొడి పంపించు. అమ్మకూ పెద్దనాయనకూ నా దండాలు, పిల్లలకు ముద్దులు. మీ అందరి దీవెన నా మీద ఉండాలి.

నీ చెల్లెలు
పద్మ,
సోమవారం నుంచి ఏరే సెక్షన్‌కు మేస్త్రి