మాగూర్ చేపకు గాజు మేడ

కృష్ణనగర్

చిరంజీవి పల్టూకి నీ మేనత్త, పిషీమా హేమనళిని ఆశీస్సులు.

మా ఆయన, అదే మీ పిషేమశాయ్, దీక్ష పుచ్చుకున్న దగ్గర్నుంచీ మా గడప లోపలికి చేప రావడం లేదురా. సొరకాయ, పప్పు, మళ్ళీ సొరకాయ. నువ్వు కలకత్తాలో రంగు చేపల కొట్టు పెట్టావుగా, ఒక గాజు తొట్టి పంపు. ఊరికే చూసుకోవడానికేనని ఆయన్ని ఒప్పించాను. అందులోకి మాగూర్ చేపలు కావాలి, మీసాలున్నవి, జానెడు పొడుగు.

తా.క.: మూత చప్పుడు చెయ్యకూడదు.

శ్యాంబజార్

పిషీమా పాదాలకు పల్టూ ప్రణామాలు.

నీలో ఇంత కళాపోషణ ఉందని అనుకోలేదు. కానీ మాగూర్ వద్దు. అది మూల నక్కి కూర్చుని పక్కవాళ్ళని మింగేస్తుంది. ఒక తొట్టిలో ఉండేవాళ్ళకి స్వభావాలు కలవాలి. గప్పీలని చిట్టి రంగు చేపలు పంపుతున్నాను, బుద్ధిమంతులు. అలంకారానికి గులకరాళ్ళు, నాచు మొక్కలు, బుడగలు వదిలే గజ ఈతగాడి బొమ్మ కూడా పెట్టాను.

తా.క.: మేత చిటికెడు చాలు.

కృష్ణనగర్

నాయనా పల్టూ,

నీ గప్పీలు చేరాయి. దోసెడు వేయించినా పంటి కింద ఆనవు. అంటే, కంటికి ఆనవని చెబుతున్నా. స్వభావాలు కలిసే మేమిద్దరం ఇన్నేళ్ళు కాపురం చేశామా? మాగూరే పంపు. గప్పీల్ని మింగితే మింగనీ, ఆ బలం దానికే పడుతుంది. అలంకారం గొడవ నాకొదిలెయ్. పచ్చి బొప్పాయి, అల్లం, ఆవనూనె సిద్ధం చేసుకున్నాను.

ఇట్లు, పిషీమా

శ్యాంబజార్

పూజ్యురాలైన పిషీమాకి,

మాగూర్‌లు పంపాను, గప్పీల్ని తిప్పి పంపు. రాళ్ళు తీసి మెత్తటి ఇసుక పరుచు, లేకపోతే మీసాలు గీసుకుపోతాయి. దాక్కోవడానికి ఒక కుండ పెంకు పెట్టు. తొట్టిలో అల్లం మాత్రం వెయ్యకు.

నీ పల్టూ

తా.క.: ఆవనూనె మీసాలకు రాయడానికా అని మా కొట్లో అందరూ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారు. రాయకు.

కృష్ణనగర్

ఒరే పల్టూ,

నా కొంప ముంచావు. మీ పిషేమశాయ్ తొట్టి ముందు కుర్చీ వేసుకుని కదలడం లేదు. జపం అక్కడే, భోజనం అక్కడే. పెద్దదానికి జమీందారు అని పేరు కూడా పెట్టారు. పేరున్నవాణ్ణి పులుసెలా పెట్టనురా? అవును, తినడానికే అడిగాను. నీకిప్పటిదాకా అర్థం కాలేదంటే మా అన్నయ్య పోలికే. నాకు ఏడుపొస్తోంది.

తా.క.: ఇవాళా సొరకాయే.

కృష్ణనగర్

చిరంజీవి పల్టూకి పిషేమశాయ్ క్షేత్రమోహన్ ఆశీర్వాదాలు.

ఇది చదివి చింపెయ్యి. నాకు దీక్షా లేదు, పాడూ లేదు. దీక్ష ఇచ్చాడని నేను చెప్పుకునే ఆ గురువుగారే పూటపూటా చేప తింటాడు. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాక ఇలీష్ చేప ముల్లు గొంతులో దిగి చావు తప్పింది. ముళ్ళు ఏరుకోలేని బెంగాలీ అని ఊరంతా నవ్వితే ఏ మొహం పెట్టుకుని తిరగను? అందుకే రుద్రాక్షలు వేసుకున్నాను. మాగూర్‌కి వెన్నుముల్లు తప్ప పెద్దగా ముళ్ళుండవని ఈ తొట్టి వచ్చాకే గుర్తొచ్చింది. జమీందారు ఎంతవరకు బలిశాడో చూసుకుంటూ కూర్చుంటున్నాను.

నేనై నేను అడిగితే పరువు పోతుంది. నువ్వు చేపల శాస్త్రం తెలిసినవాడివి, మీ పిషీమాకి నువ్వే రాయి: బలిసిన మాగూర్‌ని తొట్టిలో ఉంచడం ఇంటికి అరిష్టం, బొప్పాయి వేసి వండి ఇంటాయనకి వడ్డిస్తే దోషం పోతుందని.

తా.క.: తలకాయ ఆవిడే తినాలని కూడా శాస్త్రంలో కలుపు. అదంటే ఆవిడకి ప్రాణం. పాపం, నా పళ్ళ మూలాన నోరు కట్టుకుంది.